మైదానంలో కూర్చున్నవాళ్ళు

కటవారియా సరాయ్, న్యూఢిల్లీ
25 ఆగస్టు 1999

అక్కా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు మంచి కబురు. వచ్చే నెల నుంచి మా లీగ్ మ్యాచ్‌లు టీవీలో వేస్తున్నారు. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి. బావ నడిపే కేబుల్లో ఆ స్పోర్ట్స్ చానల్ రాదని తెలుసు, ఆయన్ని బతిమాలి పెట్టించు. మా తమ్ముడు ఢిల్లీలో ఫుట్‌బాల్ ఆడతాడని నువ్వంటే "దానికి జీతం కూడా ఇస్తారా" అని అడిగారు చూడు, వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టు.

నాది మూడో నంబరు చొక్కా. ఎడమవైపు వెనక ఆడతాను. కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుందట. కాబట్టి నేను ఎక్కువసేపు కనిపించానంటే మా జట్టు కష్టంలో ఉందని అర్థం.

మా యమునా క్లబ్బు యజమానిని అందరూ ఛైర్మన్ సాబ్ అంటారు. ఇటుక బట్టీలున్న మనిషి. యమున అవతల, ఉత్తరప్రదేశ్ వైపు సీటుకి ఈసారి పార్లమెంటుకి నిలబడ్డాడు. టీవీ వస్తోందని మాకు కొత్త బూట్లు ఇప్పించాడు, క్లబ్బుకి అంబులెన్సు కొన్నాడు. దాని మీద క్లబ్బు పేరు కన్నా ఆయన ఫొటోయే పెద్దది.

నా గదిలో ఉండే గోవిందరాజులు గురించి రాశాను కదా, బొల్లారం వాడు, మా గోల్‌కీపరు. నువ్వు మ్యాచ్ చూస్తావని చెప్పాను. "మీ అక్కకు ముందే చెప్పు, గోల్ పడ్డదంటే తప్పు నీదేనని" అన్నాడు. వాడు వండే పప్పుచారు వాసనకి కింద గదిలో ఐఏఎస్‌కి చదివే సాయిప్రకాష్ పుస్తకం మూసేసి పైకి వచ్చేస్తున్నాడు. అతనిదీ మన విశాఖే.

చింతకాయ పచ్చడి చేరింది. సగం నూనె సంచికే తాగించావు.

నీ తమ్ముడు
హేమసుందర్

*

మర్రిపాలెం, విశాఖపట్నం
5 సెప్టెంబరు 1999

హేమా,

చూశాంరా! జాతీయగీతం అప్పుడు వరుసలో నిలబడ్డావు, మెడ నిక్కించి, ఎక్కడ అక్షింతలు పడతాయోనన్నట్టు. ఎంత చిక్కిపోయావు. ఆ తర్వాత ఒకసారి బంతి లాక్కుని పడిపోయావు, నేను లేచి నిలబడిపోయాను. మీ బావ నవ్వారు.

ఆ చానల్ పెట్టడానికి మీ బావ హిందీ సినిమాల చానల్ ఒకటి తీసేయాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి ఆడవాళ్ళ ఫోన్లు. "మా బామ్మర్ది ఆడుతున్నాడండీ, శనివారం ఒక్కరోజు ఓర్చుకోండి" అని సర్దిచెప్పుకుంటూ ఉన్నారు. డాబా మీద డిష్ దగ్గర ఆయనంత ఉత్సాహంగా తిరగడం నేను ఈ మధ్య చూడలేదు.

మన వీధి చివర నాగేశ్వరమ్మ గారు కూడా వచ్చారు. నీకు గుర్తుండాలి, వాళ్ళబ్బాయి పెద్దిరాజు ఆర్మీలో చేరాడు. జూన్‌లో కార్గిల్లో పోయాడు. జెండా కప్పి తెచ్చినరోజు ఊరంతా వచ్చింది. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఆవిడ ఇంట్లో ఒక్కర్తీ ఉండలేక మా టీవీ ముందు కూర్చుంటుంది, ఏది వస్తే అది చూస్తుంది. నిన్న మాత్రం "మీ తమ్ముడు ఏడమ్మా?" అని అడిగి, ఆట అయ్యేవరకూ నిన్నే చూసింది. "పరిగెత్తేటప్పుడు మావోడిలాగే బుజం వాల్చెస్తన్నాడు" అంది. వచ్చే శనివారం తప్పకుండా వస్తానంది.

వేళకి తిను. గోవిందరాజులు బాగా ఆపాడని చెప్పు. ఆ ఒక్క గోల్‌కి తప్పు నీదేనని నేను కూడా అనుకున్నాను.

అక్క

*

కటవారియా సరాయ్
9 సెప్టెంబరు 1999

అక్కా,

ఈ ఉత్తరం నీకు శనివారం లోపల చేరదేమో. చేరితే బాగుండును.

నిన్న బుధవారం మ్యాచ్‌లో గోవిందు తలకి దెబ్బ తగిలింది. బుధవారం ఆటలకి కెమెరాలు రావు కాబట్టి మీకు తెలిసే దారి లేదు. కార్నర్ బంతికి ఎగిరాడు, అవతలివాడి మోకాలు కణతకి కొట్టింది. పడి, లేచాడు. "ఏం కాలే" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ పడ్డాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడటం లేదు.

అంబులెన్సు కోసం అరిచాం. అది లేదు. ఛైర్మన్ సాబ్ ప్రచారంలో ఉంది. పల్లెల్లో ఉచిత వైద్యం అని బోర్డు కట్టి, మైకు పెట్టి తిప్పుతున్నారట. మేమే గోవిందుని చొక్కాల మీద మోసుకుని రోడ్డు మీదకి తెచ్చి, కూరగాయలు దించి వెళ్తున్న టెంపోని ఆపాం. వాడి తల నా ఒళ్ళో ఉంది. దారిలో ట్రాఫిక్. ఆస్పత్రిలో డాక్టరు, లోపల రక్తం గడ్డకట్టింది, ఇంకొంచెం ముందు తెస్తే వేరేగా ఉండేది అన్నాడు. ఆపరేషను చేశారు. ఇంకా స్పృహ లేదు.

పొద్దున మేనేజరు దగ్గరికి అందరం వెళ్ళాం. మైదానంలో అంబులెన్సు లేకుండా ఆడం అని చెప్పాం. ఆయన కసురుకోలేదు కూడా. "ఎలెక్షన్ హో జానే దో భయ్యా", ఎన్నికలు అయిపోనివ్వండి అంటూ టీ తెప్పించాడు.

అందుకని శనివారం ఆట మొదలుపెట్టే విజిల్ వేయగానే మేం పదకొండుమందిమీ మైదానంలో కూర్చుంటాం. కాసేపే. టీవీవాళ్ళు ఎందుకని అడుగుతారు కదా, అప్పుడు చెబుతాం. వేరే దారి మాకు తోచలేదు. నువ్వు కంగారుపడకు. నాగేశ్వరమ్మ గారికి ఇదంతా చెప్పకు, పాపం.

హేమ

*

మర్రిపాలెం
12 సెప్టెంబరు 1999

హేమసుందర్,

ఏం మొహం పెట్టుకుని ఈ ఉత్తరం రాయాలో తెలియడం లేదు.

నిన్న మా హాల్లో జనం పట్టలేదు. గుమ్మంలో కూడా నిలబడ్డారు. కార్గిల్లో కొడుకుని పోగొట్టుకున్న ముసలాయన్ని మైదానంలోకి తెచ్చి నిలబెట్టారు. వీరుల కోసం మౌనం పాటించండి అని వినిపించింది. మా హాల్లో అందరం లేచి నిలబడ్డాం. నాగేశ్వరమ్మ గారు మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని లేచింది. టీవీలో మీరు కూర్చుని ఉన్నారు. నీ మొహం దగ్గరగా చూపించారు. ఇటూ అటూ చూస్తున్నావు, ఎవరినో వెతుకుతున్నట్టు. కామెంటరీ చెప్పేవాడు సిగ్గుచేటు అన్నాడు. తర్వాత జనం కుర్చీలు విసిరారు, ఆట ఆగిపోయింది.

నాగేశ్వరమ్మ గారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను వీధిలోకి వెళ్ళి పిలిచాను, వెనక్కి తిరగలేదు.

రాత్రి వార్తల్లో మళ్ళీ మళ్ళీ అదే చూపించారు. మీ బావ వారంరోజులుగా "మా బామ్మర్ది, మా బామ్మర్ది" అని చెప్పుకున్న మనిషి. ఇందాక నువ్వు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, నీ గొంతు విని పెట్టేశారు. నేను పక్కనే ఉన్నాను. ఇవ్వమని అడగలేదు.

ఎలెక్షన్లలో మీ యజమానికి ఎదురు నిలబడ్డవాళ్ళకి మీరు అమ్ముడుపోయారని ఇక్కడ అంటున్నారు. నిజమా? అమ్మ పోయాక నేను నిన్ను పెంచింది ఇందుకేనా? సంగతేమిటో రాయి. రాయడానికి ఏమైనా ఉంటే.

సీతారత్నం

*

కటవారియా సరాయ్
21 సెప్టెంబరు 1999

అక్కా,

తొమ్మిదో తారీకున నేను రాసిన ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉండాలి. అది చదివాక కూడా నీ దగ్గర నుంచి ఒక్క ముక్క రాలేదు. సాయిప్రకాష్ ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు, మర్రిపాలెంలో ఆ చానల్ తీసేశారు అని చెప్పారట. తీసింది బావ. పార్టీవాళ్ళు బెదిరించారా, అక్కా? బెదిరిస్తే బెదిరించారని రాయి. నేను అర్థం చేసుకోగలను. కాని తీసేముందు నన్ను అడగాలని మీకు తోచలేదు.

జరిగింది ఇది. విజిల్ వేశారు, అనుకున్నట్టే మేం కూర్చున్నాం. ఛైర్మన్ సాబ్ స్టాండులో ఉన్నాడు. ఆ పెద్దాయన్ని ఆట మధ్యలో విరామంలో సన్మానించాలని ముందు అనుకున్నాడట. మేం కూర్చోవడం చూసి, అప్పటికప్పుడు ఆయన్ని చేయి పట్టుకుని కిందకి తెచ్చి, మైకులో మౌనం అన్నాడు. లౌడ్‌స్పీకర్లు స్టాండు వైపు ఉన్నాయి. మాకు గొంతు వినపడింది గాని మాట తెలియలేదు. పెద్దాయన తలపాగా తీసి నిలబడటం చూశాక నాకు అర్థమై లేచాను. అప్పటికే కెమెరా అటు తిరిగిపోయింది. నేను వెతికింది ఎవరినో కాదు. ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళ కోసం చూశాను.

చానల్‌వాళ్ళు మా కెప్టెన్‌ని అడిగారు. అంబులెన్సు గురించి అంతా చెప్పాడు. అది వేయలేదు. చానల్‌లో పనిచేసే మనీష అనే అమ్మాయి, ఆ మాటలన్నీ ఎడిటింగ్‌లో తీసేశారని నాకు చెప్పింది.

మొన్న శనివారం మా ఆటని ఇంతకుముందు ఎన్నడూ లేనంతమంది చూశారట. నా కాలికి బంతి తగిలినప్పుడల్లా స్టాండంతా గద్దించింది. అంబులెన్సు వచ్చింది, కెమెరాకి కనిపించేలా నిలబెట్టారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

గోవిందు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టలేదు.

హేమసుందర్

*

మర్రిపాలెం
4 అక్టోబరు 1999

నా తండ్రీ హేమా,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం నా చేతికి పదిహేడున వచ్చింది. వంటింట్లో నిలబడి చదివాను. చదివి స్టవ్ ఆపి అక్కడే కూర్చుండిపోయాను. వెంటనే రాయాల్సింది. చానల్ అప్పటికే తీసేశాం, దాన్ని తిరిగి పెట్టించాకే నీకు రాద్దామనుకున్నాను. ఆ ఆలస్యంలో నువ్వు ఏమనుకుంటావో ఆలోచించలేదు.

ఏ పార్టీవాళ్ళూ రాలేదురా. వస్తే మీ బావ ఎదురు తిరిగేవారే. వచ్చినవాళ్ళు మనవాళ్ళే. నేవీలో చేసి రిటైరైనవాళ్ళు, రైల్వే క్వార్టర్ల వాళ్ళు, మర్యాదగా వచ్చి కాఫీ తాగి, "ఆ చానల్ మా ఇళ్ళకి వద్దు భీమారావుగారూ, ఆ తల్లి ఉన్న వీధిలో బాగుండదు" అన్నారు. మీ బావ నా వైపు చూశారు. తీసేయండి అని నేనే అన్నాను. ఆయన మీద కోపం పెట్టుకోకు.

నీ ఉత్తరాలు రెండూ మీ బావకి చదివి వినిపించాను.  తర్వాత నేను నాగేశ్వరమ్మ గారింటికి వెళ్ళాను. చెప్పవద్దన్నావు గాని చెప్పాను. గోవిందరాజులు సంగతి, టెంపో సంగతి, అన్నీ. ఆవిడ బియ్యం ఏరుతోంది, ఏరుతూనే వింది. చివర్న అంది:

"మావోడు కూడా దెబ్బ తగలగానే పోలేదమ్మా. కొండ మీంచి దించీసరికి ఆలీసమైపోనాది. ఆడి నేస్తుడొచ్చి సెప్పినాడు. పేపర్లో అది రాయలేదు."

 ఆరోజు ఎందుకంత కోపంగా వెళ్ళిపోయారమ్మా అని అడిగాను. "కోపమేటి. ఆ ముసిలాయన్ని సూడలేకపోనాను. నన్నూ అలగే నిలబెట్టినారు గదా" అంది.

ఇది తెలియక వీధి వీధంతా ఆవిడ పేరు చెప్పి నిన్ను తిట్టింది.

మీ బావ ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చారు. కొందరు విన్నారు. కొందరు ఆ సరికే పక్క వీధి ఆపరేటరు దగ్గర కనెక్షను తీసుకున్నారు. అయినా చానల్ మళ్ళీ పెట్టేశాం. ఈ శనివారం నాగేశ్వరమ్మ గారు, మేం, ఇంకో నాలుగిళ్ళవాళ్ళు కూర్చుంటాం. నువ్వు ధైర్యంగా ఆడు. కెమెరా వైపు ఒక్కసారి చూడు, చాలు.

మీ అక్క

*

కటవారియా సరాయ్
24 అక్టోబరు 1999

అక్కా,

నీ ఉత్తరం అందినరోజే జవాబు రాయాలని కూర్చున్నాను, రాయలేకపోయాను. ఆ శనివారం మీరు టీవీ పెట్టేసరికి కుస్తీ పోటీలు వచ్చి ఉంటాయి. లీగ్ ప్రసారం ఆపేశారు. మిమ్మల్ని అలా కూర్చోబెట్టినందుకు నాకు చాలా బాధగా ఉంది.

ఎందుకు ఆపారో మనీష చెప్పింది. కోపం వచ్చినవాళ్ళు చానల్ మార్చేశారట. గొడవ చూద్దామని వచ్చినవాళ్ళు ఒక వారం చూసి, మేం బుద్ధిగా ఆడుతుంటే విసుగొచ్చి వెళ్ళిపోయారట. ప్రకటనలిచ్చే సబ్బుల కంపెనీ, మా పేరు పక్కన తమ పేరు వద్దంది. "మీరు చేసింది తప్పని నేననను. కాని ఆట కోసమే చూసేవాళ్ళు ఎంతమందో దీంతో ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది" అంది. ఆ అమ్మాయి మంచిదే. చెబుతూ తల దించుకుంది.

టీవీ పోయాక మిగతా క్లబ్బులు మా మీద పడ్డాయి. మా రాజకీయాల వల్ల వాళ్ళ అన్నం పోయిందన్నారు. వాళ్ళలో నాతో పాటు స్పోర్ట్స్ హాస్టల్లో చదివినవాళ్ళున్నారు.  వాళ్ళ మైదానాల్లోనూ అంబులెన్సు ఉండదు.

ఛైర్మన్ సాబ్ గెలిచాడు. ఊరేగింపు అయిన వారానికి క్లబ్బు మూసేశాడు. ఇంకే జట్టూ మమ్మల్ని తీసుకోదు. నేను కరోల్ బాగ్‌లో ఒక స్పోర్ట్స్ దుకాణంలో చేరాను. ఎక్కువగా క్రికెట్ బ్యాట్లు అమ్ముతాం.

అన్నిటికన్నా చివర రాస్తున్నాను, ముందు రాయడానికి చేయి రాలేదు. గోవిందు పోయాడు. పన్నెండో తారీకున. ఇన్‌ఫెక్షన్ అన్నారు. బొల్లారం నుంచి వాళ్ళన్న వచ్చాడు. పోయే ముందురోజు నేను అన్నం తినిపిస్తుంటే నా చేయి పట్టుకుని "అన్నా, నువ్వు ఏ ఊరోడివి?" అని అడిగాడు. విశాఖ అన్నాను. "దూరం" అన్నాడు. నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఒక్క పేపర్లో రాలేదు. జట్టులో నలుగురం మోశాం. మిగతావాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయారు.

హేమ

*

మర్రిపాలెం
6 నవంబరు 1999

హేమా,

నీ ఉత్తరం మీ బావే విప్పి చదివారు. చదివి, డాబా మీదకి వెళ్ళి చాలాసేపు దిగలేదు. నీకు ఫోన్ చేయాలని దుకాణం నంబరు అడుగుతున్నారు. ఆయనతో మాట్లాడు.

మా ఇంట్లో ఎన్నడూ అడుగుపెట్టని ఆ పిల్లాడి కోసం నేనింత ఏడుస్తానని అనుకోలేదు. వాళ్ళమ్మ ఉందా? ఉంటే చిరునామా పంపు.

నువ్వు ఇక్కడికి వచ్చేయరా. ఏదో ఒకటి చేసుకోవచ్చు, మీ బావకి కూడా మనిషి సాయం కావాలి. ఇది జాలితో అనడం లేదు.

నాగేశ్వరమ్మ గారికి చెప్పాను. ఆవిడ ఇంకొకటి అడిగింది. ఆ రోజు మైదానంలో నిలబెట్టిన పెద్దాయన ఎలా ఉన్నాడు, తర్వాత ఎవరైనా ఆయన ఇంటికి వెళ్ళారా అని. నాకు తెలియదన్నాను. "మీ తమ్ముణ్ణి ఒకపాలి ఎల్లమనమ్మా. ఆయనకేటి బాదుందో ఏటో, ఇనాల గదా" అంది. నీకు మనసొప్పితేనే వెళ్ళు.

అక్క

*

కటవారియా సరాయ్
22 నవంబరు 1999

అక్కా,

బావ ఫోన్ చేశారు. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. "తిన్నావా" అన్నారు, తిన్నానన్నాను. అది చాలు.

నిన్న ఆదివారం ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మనీష ఊరి పేరు కనుక్కుని చెప్పింది. గాజియాబాద్ దాటాక బస్సు, ఆ తర్వాత చెరుకు బండి మీద కొంతదూరం. దారి పొడుగునా గోడల మీద ఛైర్మన్ సాబ్ పోస్టర్లు, వానకి సగం ఊడి ఉన్నాయి.  కొడతారేమోననుకున్నాను. కొడితే పడదామనే వెళ్ళాను.

ఆయన గొడ్లకి మేత వేస్తున్నాడు. నేను ఫలానా అని చెప్పి, ఆ రోజు కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి, మీ అబ్బాయిని అవమానించాలని కాదు, క్షమించండి అని నాకు వచ్చిన హిందీలో అన్నాను. ఆయన నన్ను అర్థంకానట్టు చూశాడు. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. మైదానంలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో ఆయన చూడనే లేదు. ఎవరో చేయి పట్టుకుని ఎండలోకి తీసుకెళ్ళారు, నిలబడమన్న చోట నిలబడ్డాడు. ఊళ్ళో బడికి కొడుకు పేరు పెడతామని చెబితే వెళ్ళాడట. పెట్టలేదు. ఎలెక్షను తర్వాత ఎవరూ రాలేదు. ఆ ఊరికి కరెంటు స్తంభాలున్నాయి గాని తీగలు లేవు. ఆయన పేరు మీద దేశమంతా మమ్మల్ని తిట్టిందని ఆయనకి నేను చెప్పేవరకూ తెలియదు.

గోవిందు సంగతి అడిగితే చెప్పాను. ఎందుకు కూర్చున్నామో చెప్పాను. వింటూ మేత గంప కింద పెట్టేశాడు. మంచం వాల్చి నన్ను కూర్చోమన్నాడు, బెల్లం ముక్క, మంచినీళ్ళు ఇచ్చాడు. గోవిందు వయసెంత అని అడిగాడు. తన కొడుకు వయసు చెప్పాడు. 

నేను లేచి బయల్దేరుతుంటే, "మ్యాచ్ ఎవరు గెలిచారు బేటా?" అన్నాడు.

ఆ రోజు ఆట జరగలేదు బాబాజీ, జనం మైదానంలోకి వచ్చేశారు, ఆపేశారు అని చెప్పాను.

ఆయన మొహంలో మొదటిసారి బాధ కనిపించింది, అక్కా. నా భుజం మీద చేయి వేసి, "అరే, ఆడకుండానే వెళ్ళిపోయారా మీరంతా?" అన్నాడు.

హేమసుందర్